బోరు నీళ్ళు: నాలుకకి తెలిసేవి, తెలియనివి

(తిరుపతి శివారులోని ఒక కాలనీ సంక్షేమ సంఘం ఆదివారం సమావేశంలో, నీటి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైన ఒక కెమిస్టు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే. మైకు కొంచెం దగ్గరగా పెట్టుకుంటాను.

ముందు ఒక్క ప్రశ్న. ఇంట్లో సొంత బోరు ఉన్నవాళ్ళు చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. సంతోషం. ఇప్పుడు, ఆ నీళ్ళు పరీక్ష చేయించినవాళ్ళు మాత్రం చెయ్యి ఎత్తి ఉంచండి. రెండు... మూడు. అన్నా, మీరు ఎక్కడ చేయించారు? ఫిల్టరు అమ్మే అబ్బాయి ఇంటికొచ్చి చేశాడా? ఆ మాట మీరే చెప్పినందుకు సంతోషం. నేను అక్కడే మొదలుపెడదామనుకున్నాను.

ఆ అబ్బాయి ఏం చేశాడో నేను చెబుతాను, తప్పైతే చెప్పండి. రెండు గాజు గ్లాసులు తీసుకున్నాడు. ఒకదాంట్లో మీ బోరు నీళ్ళు, ఇంకోదాంట్లో వాళ్ళ ఫిల్టరు నీళ్ళు. నాలుగు కడ్డీలున్న చిన్న పెట్టె ఒకటి తీసి, రెండు గ్లాసుల్లోకీ దించి, స్విచ్చి వేశాడు. రెండు నిమిషాలు. మీ బోరు నీళ్ళు ఆకుపచ్చగా, ఆ తర్వాత తుప్పు రంగుకి తిరిగి, పైన నురగ, అడుగున మడ్డి. ఫిల్టరు నీళ్ళు ఎట్లా ఉన్నవి అట్లాగే. "అమ్మా, మీ పిల్లలు రోజూ తాగేది ఇదే" అన్నాడు. అంతేనా? అంతే కదా!

అదే పెట్టె నా దగ్గరా ఉంది. ఇదిగో, ఈ టేబుల్ మీద చూడండి. ఇది బోరు నీళ్ళ గ్లాసు, ఇది ఆర్వో ఫిల్టరు నీళ్ళ గ్లాసు. మూడో గ్లాసులో కూడా ఆర్వో నీళ్ళే పోశాను. ఇట్లా రా తల్లీ, ఈ మూడో గ్లాసులో చిటికెడు ఉప్పు వెయ్యి. మీ ఇంట్లో కూరలో వేసే ఉప్పే. కలుపు. ఇప్పుడు కడ్డీలు దించుతున్నాను. చూస్తూ ఉండండి, నేను మాట్లాడుతూ ఉంటాను.

ఆ కడ్డీల్లో ఇనుపవి ఉంటాయి. కరెంటు పారితే ఆ ఇనుమే కరిగి నీళ్ళలోకి దిగుతుంది. మీరు చూసే మడ్డి ఆ కడ్డీది, మీ బోరుది కాదు. మరి ఆర్వో నీళ్ళలో ఎందుకు రాదు? అందులో లవణాలు దాదాపు లేవు. లవణాలు లేకపోతే కరెంటు సరిగ్గా పారదు. పారకపోతే కడ్డీ కరగదు. అంతే సంగతి. ఇప్పుడు మూడో గ్లాసు చూడండి... రంగు తిరిగిందా? మనం వేసింది ఉప్పు. ఉప్పులో మురికి ఉందా? లేదు కదా. అదే ఫిల్టరు నీళ్ళు, అదే ఉప్పు, ఎంత గలీజుగా అయిందో చూశారు. ఫిల్టరు అవసరం లేదని నేను అనట్లేదు. కొన్ని ఇళ్ళల్లో తప్పకుండా కావాలి. కానీ ఇది చూసి కొనొద్దు.

రెండోది టీడీఎస్ మీటరు. పెన్నులాగా ఉంటుంది, నీళ్ళల్లో ముంచితే నెంబరు చూపిస్తుంది. అది కూడా నీళ్ళల్లో కరెంటు ఎంత పారుతుందో చూసి, కరిగిన లవణాలు ఇంత ఉండొచ్చని అంచనా వేస్తుంది. ఏ లవణాలో చెప్పదు. కొబ్బరి బోండాంలో ముంచి చూడండి, వేలల్లో చూపిస్తుంది. కొబ్బరినీళ్ళు తాగడం మానేస్తామా? ఇంకో వైపు, మంచి ఆర్వో నీళ్ళ బిందెలో ఒక చుక్క మురుగు కలపండి. మీటరు నెంబరు కదలదు. క్రిములు దానికి కనపడవు. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 టీడీఎస్ 500 లోపు ఉంటే మంచిదంటుంది. వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటుంది. లీటరుకి మిల్లీగ్రాముల లెక్క ఇది. ఆ 500 నుంచి 2000 మధ్యలో ఉన్న బోర్లు మన వైపు కొల్లలు. ఆ నెంబరు చూసి బెదిరిపోకండి. నెంబరు తక్కువుంది కదా అని నిమ్మళంగానూ ఉండకండి.

ఈ రోజు నేను చెప్పదలుచుకుంది ఒకటే. మనం బోరు నీళ్ళ గురించి సణిగేవన్నీ కంటికి, నాలుకకి తెలిసేవి. అవి మనల్ని విసిగిస్తాయి, పెద్దగా హాని చెయ్యవు. హాని చేసేవి మూడున్నాయి: మురుగు క్రిములు, నైట్రేటు, ఫ్లోరైడు. ఆ మూడింటికీ రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు.

తెలిసేవి త్వరగా ముగించేద్దాం. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజరు కాయిల్ మీద సున్నం పేరుకుంటుంది, బాత్రూం టైల్స్ మీద తెల్ల మరకలు. ఇది కఠినత్వం. కాల్షియం, మెగ్నీషియం. 200 లోపు మంచిది, 600 దాకా పరవాలేదని ప్రమాణం. ఇక్కడ ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తుంది. ఆ అక్క అడగబోతున్నారు, నాకు తెలుసు. కిడ్నీలో రాళ్ళు! అక్కా, కఠినజలం వల్ల రాళ్ళు వస్తాయని గట్టి ఆధారం లేదు. ఎండాకాలం మన తిరుపతిలో సరిపడా నీళ్ళు తాగకపోవడం వల్ల వస్తాయనేదానికి ఆధారం చాలా ఉంది. జుట్టు రాలడం సంగతి మాత్రం నన్ను అడగొద్దు. నా తల చూస్తున్నారు కదా.

ఇనుము ఇంకోటి. మోటారు వేసినప్పుడు నీళ్ళు తేటగా వస్తాయి, బకెట్లో కాసేపు ఉంటే ఎర్రబడతాయి. గాలి తగిలి ఇనుము తుప్పుగా మారడం అది. తెల్ల బట్టలు పసుపెక్కుతాయి. ట్యాంకులో ఒక రాత్రి నిలవబెట్టి, పైతేట వాడుకుంటే చాలామటుకు పోతుంది. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే హైడ్రోజన్ సల్ఫైడు. చాన్నాళ్ళు వాడని బోర్లలో ఎక్కువ. కాసేపు నీళ్ళు వదిలేస్తే మామూలుగా తగ్గుతుంది. అయితే వానల తర్వాత కొత్తగా గబ్బు మొదలైతే మాత్రం అది వేరే కథ, దానికి ఇప్పుడు వస్తున్నాను.

మన కాలనీలో ఒక్కో ఇంటి స్థలం ఎంత? రెండు సెంట్లు, మూడు సెంట్లు. రెండు సెంట్లంటే 97 గజాలు కూడా లేదు. అందులో ఇల్లు కట్టాం, మెట్లు కట్టాం, బండి పెట్టుకోవడానికి జాగా వదిలాం. మిగిలినదాంట్లో ముందు బోరు, వెనక సెప్టిక్ ట్యాంకు. మీ బోరుకి మీ సెప్టిక్ ట్యాంకు దూరమే కావచ్చు. మరి పక్కింటి ట్యాంకు? అది మీ గోడకి ఆనుకునే ఉంటుంది. తాగునీటి బోరుకీ మురుగు గుంతకీ మధ్య కనీసం 15 మీటర్లు, అంటే సుమారు 50 అడుగులు ఉండాలంటారు. మన లేఅవుట్లలో 50 అడుగుల్లో రెండిళ్ళు పడతాయి!

"సార్, మా బోరు 600 అడుగులు. పైన మురుగు అంత లోతుకి ఎట్లా పోతుంది?" అంటారు. మంచి ప్రశ్న. మనం నిల్చున్నది గ్రానైటు రాయి మీద. కొండ మీదికి పోయే ఘాట్ రోడ్డులో చూసుంటారు, పైన కనిపించే ఎర్రటి పొరల రాయి క్వార్ట్జైటు, దాని కింద ఉన్నది గ్రానైటు. ఆ రెండు రాళ్ళూ కలిసేచోటు జాతీయ భూవిజ్ఞాన స్మారకం కూడా. గ్రానైటు మట్టిలాగా నీళ్ళని వడగట్టదు. అందులో నీళ్ళుండేది నెర్రెల్లోనే. మట్టిలో మురుగు నెమ్మదిగా దిగుతుంది, దిగుతూ కొంత శుభ్రపడుతుంది. నెర్రెలో పడితే అట్లా కాదు, పైపులో పారినట్టు నేరుగా పోతుంది. 600 అడుగులని మీరనుకుంటున్నారు. మీ బోరులోకి నీళ్ళు చేరే నెర్రె 80 అడుగుల్లో ఉండొచ్చు.

ఇక కేసింగ్ పైపు, అంటే బోరు రంధ్రంలోకి పైనుంచి దించే గొట్టం. బోరు బండివాడు అడుగు లెక్కన డబ్బు తీసుకుంటాడు, కేసింగ్‌కి వేరే రేటు. మనం ఏం చేస్తాం? "రాయి తగిలిందా? చాలు, ఆపెయ్" అంటాం. పై మట్టి విరిగి పడకుండా ఉంటే చాలని లెక్క. కేసింగ్‌కీ రంధ్రం గోడకీ మధ్య సందు మిగులుతుంది కదా, దాన్ని సిమెంటుతో పూడ్చాలి. ఎంతమంది పూడ్చారు? బోరు వేసినప్పుడు వచ్చిన దుమ్మునే కాలితో అందులోకి తోసేస్తారు. వాన నీళ్ళు, బాత్రూం నీళ్ళు ఆ సందులోంచి దిగుతాయి.

ఇంకోటి చెప్పాలి, ఈమధ్య కొత్త ఇళ్ళల్లో చూస్తున్నాను. కేసింగ్ పైపు నేల మీద అడుగెత్తున కనిపిస్తే అందం చెడిపోతుందని, నేలమట్టానికి కోసేసి, పైన పార్కింగ్ టైల్ వేసేస్తున్నారు. టైల్‌కి వైరు పోవడానికి బెజ్జం. ఆ టైల్ మీదే కారు కడుగుతారు, కుక్కకి స్నానం చేయిస్తారు. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? మీరు నవ్వుతున్నారు, ఇద్దరు ముగ్గురు మాత్రం నవ్వట్లేదు. ఇంటికెళ్ళగానే చూసుకోండి. పైపు కనీసం అడుగెత్తు పైకి ఉండాలి, మూత బిగుతుగా ఉండాలి, చుట్టూ సిమెంటు గట్టు బయటికి వాలుగా ఉండాలి.

అన్నిటికన్నా ఘోరమైనది ఒకటుంది. ఎవరినీ వేలెత్తి చూపించను. బోరు ఎండిపోతుంది. పక్కన కొత్త బోరు వేస్తాం. పాత బోరు ఖాళీగా ఉంది కదా అని సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు పొంగే నీళ్ళని దాంట్లోకి వదులుతారు. "ఎప్పటికీ నిండదు సార్, బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అని నాతోనే అన్నవాళ్ళున్నారు. ఎందుకు నిండుతుంది? మీ వీధిలో అందరి బోర్లలోకీ పంచుతోంది కదా! పాత దిగుడు బావుల గతీ ఇదే. వాన నీళ్ళు ఇంకించడానికి వాడుకోని ఎండిన బావినీ బోరునీ మట్టితో, పైన సిమెంటుతో పూడ్చెయ్యాలి. ఈ విషయంలో సంఘం కొంచెం గట్టిగా ఉండాలి. ఇది ఒక ఇంటివాళ్ళ సొంత విషయం కాదు.

మన వైపు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలకి. 2021 నవంబరు గుర్తుందా? స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్ళు ఖాళీ చేయించారు, తిరుపతి వీధుల్లో కార్లు తేలాయి. అప్పుడు బోర్లు, సంపులు, సెప్టిక్ ట్యాంకులు అన్నీ ఒకే నీళ్ళల్లో మునిగాయి. వాన వెలిశాక మోటారు వేస్తే తేట నీళ్ళు వచ్చాయి. తేట నీళ్ళే! ప్రమాణం ఏమంటుందంటే, 100 మిల్లీలీటర్ల నీళ్ళల్లో ఈ-కొలి అనే క్రిమి ఒక్కటి కూడా ఉండకూడదు. ఇన్ని ఉండొచ్చనే వెసులుబాటు లేదు. ఆ క్రిమి ఉందంటే మలం కలిసిందని అర్థం. విరేచనాలు, టైఫాయిడు, కామెర్లు, అన్నిటికీ దారి తెరిచి ఉన్నట్టే. ఇది మొదటిది.

రెండోది నైట్రేటు. ఇదీ ఆ మురుగులోంచే వస్తుంది, పశువుల పేడ దిబ్బల నుంచి, పొలాల్లో వేసే యూరియా నుంచి కూడా. లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు. పెద్దవాళ్ళకి కొంచెం ఎక్కువైనా వెంటనే ఏమీ తెలియదు. ఆరు నెలల లోపు పసిపిల్లలకి ప్రమాదం. రక్తం ఆక్సిజన్ మోయలేదు, బిడ్డ పెదాలు, గోళ్ళు నీలంగా మారతాయి. ఇక్కడ అమ్మమ్మలు, నాయనమ్మలు కాస్త జాగ్రత్తగా వినండి. పాలపొడి కలపడానికి బోరు నీళ్ళు తీసుకుని, బిడ్డకి కదా అని బాగా మరిగిస్తారు. క్రిములు చస్తాయి, నిజమే. నైట్రేటు పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. నైట్రేటు ఎక్కువున్న బోరు అయితే పసిబిడ్డకి ఆ నీళ్ళు అసలు వాడొద్దు, ఎంత కాచినా సరే.

మూడోది ఫ్లోరైడు. దీనికి సెప్టిక్ ట్యాంకుతో సంబంధం లేదు, రాయే కారణం. మన దేశంలో ఫ్లోరైడు జబ్బుని మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న నెల్లూరు జిల్లాలో. అంటే మన పక్కనే. గ్రానైటులో ఫ్లోరైడు ఉన్న ఖనిజాలుంటాయి. నీళ్ళు ఎక్కువకాలం ఆ రాతిని అంటుకుని ఉంటే అది కరుగుతుంది. పలమనేరు, కుప్పం వైపు వెయ్యి అడుగులు పోతున్నారు. లోతుకి పోయేకొద్దీ పాతకాలం నీళ్ళు తగులుతాయి. ఫ్లోరైడు ఎక్కువుండే అవకాశం పెరుగుతుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది, నాకు ఎప్పుడూ వింతగా అనిపిస్తుంది. కాల్షియం ఎక్కువున్న నీళ్ళల్లో ఫ్లోరైడు ఎక్కువ కరగలేదు, రెండూ కలిసి అడుగుకి దిగిపోతాయి. కాల్షియం తక్కువుండి, సోడియం, బైకార్బొనేటు ఎక్కువున్న నీళ్ళల్లో బాగా కరుగుతుంది. అంటే ఏమిటి? పప్పు మెత్తగా ఉడికే నీళ్ళు, సబ్బు బాగా నురగొచ్చే నీళ్ళు, "మా బోరు నీళ్ళు కొబ్బరినీళ్ళే సార్" అని మీరు మురిసిపోయే నీళ్ళల్లోనే ఫ్లోరైడు ఎక్కువుండొచ్చు. ప్రతిసారీ ఉంటుందని కాదు. నాలుక ఇక్కడ పనికిరాదని చెప్పడం.

ఫ్లోరైడు లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా మంచిది, 1.5 దాటకూడదు. దాటితే, శాశ్వత పళ్ళు ఏర్పడే వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి పళ్ళ మీద సుద్ద మచ్చలు, తర్వాత గోధుమ రంగు గార. ఆ గార బ్రష్షుతో పోదు, లోపలి నుంచి వచ్చింది. పిల్లాడు సరిగ్గా తోముకోవట్లేదని పాపం కొడుతుంటారు. 3 దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుంటాయి. కాచినా పోదు. గీజరు బాగు కోసం బిగించే సాఫ్ట్‌నర్ వల్ల కూడా పోదు, అది కాల్షియం తీసి సోడియం ఇస్తుంది, అంతే.

మరి ఏం చెయ్యాలి? పరీక్ష. మొదటిసారి పూర్తి పరీక్ష చేయించండి: పీహెచ్, టీడీఎస్, కఠినత్వం, క్లోరైడు, నైట్రేటు, ఫ్లోరైడు, ఇనుము, వీటితోపాటు క్రిముల పరీక్ష. ఆ తర్వాత క్రిములకి, నైట్రేటుకి ఏడాదికోసారి చాలు, వానల తర్వాత చేయిస్తే మేలు. క్లోరైడు, నైట్రేటు రెండూ కలిసి పెరుగుతుంటే మురుగు చేరుతోందని అనుమానించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖకి ల్యాబులున్నాయి. మీ సొంతూళ్ళల్లో అయితే, 2019లో జల జీవన్ మిషన్ మొదలయ్యాక పంచాయతీలకు ఫీల్డ్ టెస్ట్ కిట్లు ఇచ్చి ఆడవాళ్ళకి వాడటం నేర్పారు, అడగండి.

శాంపిల్ సరిగ్గా తేవాలి. కూల్ డ్రింకు సీసాలో తెచ్చి, "సార్, నీళ్ళల్లో తీపి ఉందా చూడండి" అన్నవాళ్ళున్నారు! మోటారు పది నిమిషాలు నడవనివ్వండి. ట్యాంకు కుళాయి వద్దు, బోరు నుంచి నేరుగా వచ్చే పైపు దగ్గర పట్టండి. కొత్త లీటరు సీసాని అదే నీళ్ళతో మూడుసార్లు తొలిచి నింపండి. క్రిముల పరీక్షకి మాత్రం ల్యాబువాళ్ళిచ్చే సీసానే వాడాలి, దాన్ని తొలవకూడదు, మూత లోపల వేలు పెట్టకూడదు, ఐసు డబ్బాలో పెట్టి అదే రోజు ఇచ్చెయ్యాలి.

క్రిములున్నాయని వస్తే క్లోరినేషన్, అంటే బ్లీచింగ్ పౌడరుతో బోరుని శుభ్రం చెయ్యడం. రాసుకునేవాళ్ళు రాసుకోండి. మన ఇళ్ళల్లో బోరు మామూలుగా ఆరున్నర అంగుళాలు. అడుగుకి సుమారు ఆరున్నర లీటర్లు పడతాయి, గుర్తుపెట్టుకోవడం తేలిక. బోరులో 200 అడుగుల నీళ్ళు నిలిచి ఉంటే 1300 లీటర్లు. దానికి తాజా బ్లీచింగ్ పౌడరు పావు కిలో. బకెట్ నీళ్ళల్లో కలిపి, అడుగుకి దిగనిచ్చి, పైతేట మాత్రమే బోరులో పొయ్యండి. మోటారు వేసి ఒక పైపుతో ఆ నీళ్ళనే తిరిగి బోరులోకి ఒక గంట తిప్పండి. తర్వాత ఇంట్లో కుళాయిలన్నిట్లో క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి, కట్టేసి, రాత్రంతా ఉంచండి. పొద్దున్నే వాసన పోయేదాకా నీళ్ళు బయటికి వదిలెయ్యండి, మొక్కలకి వద్దు, సెప్టిక్ ట్యాంకులోకీ వద్దు. బ్లీచింగ్ కలిపేటప్పుడు ఆరుబయట కలపండి, బాత్రూం యాసిడ్ దగ్గరికి రానివ్వకండి. ఆ రెండూ కలిస్తే వచ్చే గాలి ప్రాణం తీస్తుంది. వారం, పది రోజులాగి మళ్ళీ పరీక్ష. మళ్ళీ క్రిములొస్తే, ఎక్కడో కారుతోందని అర్థం. అప్పుడు బ్లీచింగ్ డబ్బా పక్కన పెట్టి, కేసింగ్, సెప్టిక్ ట్యాంకు చూడాలి. అప్పటిదాకా తాగే నీళ్ళు కాచుకోండి.

ఫిల్టరు ఏది కొనాలంటే, రిపోర్టు చూసి కొనండి. క్రిములు మాత్రమే ఉంటే యూవీ, అంటే అతినీలలోహిత కాంతితో క్రిముల్ని చంపే ఫిల్టరు చాలు, లేదా కాచుకుంటే చాలు. నైట్రేటు, ఫ్లోరైడు ఉంటే యూవీ ఏమీ చెయ్యలేదు, ఆర్వో కావాలి. ఫ్లోరైడుకి పటిక, సున్నం వేసి తీసే నల్గొండ పద్ధతి ఉంది, నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్ళు రూపొందించారు. ఊరంతటికీ ఒక ట్యాంకు పెట్టి చేస్తే సరే, ఇంట్లో ఆ కొలతలు కుదరవు. ఆర్వో లీటరు మంచినీళ్ళకి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. ఆ నీళ్ళల్లో లవణాలు చిక్కగా ఉంటాయి, ఇల్లు తుడవడానికి, బాత్రూంకి వాడండి.

ఆ, చెప్పండి అమ్మా... క్యాను నీళ్ళు. క్యానులోవీ ఏదో ఒక బోరు నీళ్ళే కదా. 2024 దాకా సీలు మీద ఐఎస్ఐ గుర్తు, ప్యాకేజీ నీళ్ళ ప్రమాణమైన 14543 నెంబరు తప్పనిసరిగా ఉండాల్సి వచ్చేది. సీలే లేని క్యాను అయితే, ఆ ప్లాంటు అతన్ని చివరి పరీక్ష రిపోర్టు చూపించమనండి. అడగడంలో తప్పేముంది?

చివరి వరసలో సార్ ఏదో అడుగుతున్నారు. ఇంకుడు గుంత బోరు పక్కనే తవ్వొచ్చా అని. తవ్వొచ్చు. మేడ మీద వాన నీళ్ళు మాత్రమే దాంట్లోకి రావాలి, అవి కూడా తొలివాన రెండు మూడు జల్లులు బయటికి వదిలేశాక. ఇసుక, కంకర పొరలు వేసి, ఏటా వానలకి ముందు పై ఇసుక మార్చండి. వాకిలి కడిగిన నీళ్ళు, బట్టలుతికిన నీళ్ళు, రోడ్డు మీది నీళ్ళు అందులోకి రానివ్వొద్దు. కేసింగ్‌కి బెజ్జాలు పెట్టి గుంత నీళ్ళు నేరుగా బోరులోకి దింపమని కొందరు చెబుతున్నారు. తాగే బోరు అయితే ఆ పని చెయ్యకండి. ఎండిపోయిన బోరుకి చేసుకోవచ్చు, అదీ మేడ నీళ్ళతో, వడగట్టాకే. మీది ఏ బోరు సార్? తాగేదేనా? అయితే గుంత పది అడుగులు ఎడంగా తవ్వించండి, సెప్టిక్ ట్యాంకు ఉన్న వైపు మాత్రం వద్దు.